ఈ ఇంటి సామాన్ల పేర్లకు అర్థం ఏమిటి? (తర్వాత చర్చ సైబర్ దాడుల మీదికి వెళ్లింది)

నల్లగండ్ల_నీరజ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన నెల కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించాం. సామాన్ల కోసం రాయదుర్గం దగ్గరి ఐకియాకి (స్వీడన్ కంపెనీ ఫర్నిచర్ దుకాణం) మూడుసార్లు తిరిగాం. ఇప్పుడు బిల్లులన్నీ ముందేసుకుని లెక్క రాస్తున్నాను. కల్లాక్స్, లాక్, బిల్లీ, పోయెంగ్, ఫ్రాక్టా, బోల్మెన్... ఏది ఏ వస్తువో పేరు చూస్తే తెలియడం లేదు. మా అత్తయ్యగారికి 72 ఏళ్లు. ఆవిడకి మాత్రం ఈ పేర్లు తెగ నచ్చాయి. "బిల్లీ మీద దుమ్ము తుడిచావా?" అని అడుగుతారు. బిల్లీ అంటే మా పుస్తకాల అల్మారా. "ఈ పేర్లకి అర్థం ఉందా, నోటికొచ్చింది పెట్టేస్తారా?" అని ఇవాళ అడిగారు. నాకు తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, రేపు పొద్దున కాఫీ దగ్గర ఆవిడకి చెప్పాలి.

మాల్మో_మూర్తి | శనివారం రాత్రి 10:25

నీరజ గారూ, నేను స్వీడన్ వచ్చి 11 ఏళ్లయింది. నోటికొచ్చినవి కావండీ, వాటికి ఒక పద్ధతి ఉంది.

కంపెనీ పెట్టిన ఇంగ్వార్ కాంప్రాడ్‌కి డిస్లెక్సియా ఉండేది. అక్షరాలు, అంకెలు తారుమారయ్యేవి. వస్తువుకి నంబరు పెడితే ఆయనకి గుర్తుండేది కాదు. అందుకని ప్రతి వస్తువుకీ మనిషికి పెట్టినట్టు పేరు పెట్టడం మొదలుపెట్టాడు. సోఫాలకు, టీపాయిలకు స్వీడన్ ఊళ్ల పేర్లు. మంచాలకు, బట్టల బీరువాలకు నార్వే ఊళ్లవి. భోజనాల బల్లలకు ఫిన్లాండ్‌వి. తివాచీలకు డెన్మార్క్‌వి. బాత్రూమ్ సామానుకు స్వీడన్ చెరువులు, నదుల పేర్లు. ఆరుబయట వేసుకునే కుర్చీలకు దీవుల పేర్లు.

మీ బిల్లులో ఉన్నవి చెప్తాను. కల్లాక్స్ ఉత్తర స్వీడన్‌లో ఒక పల్లె. లాక్ అంటే లక్క మెరుగు లాంటి పూత. పోయెంగ్ అంటే పాయింటు. ఫ్రాక్టా అంటే సరుకు మోయడం, ఆ నీలం సంచి పని అదే కదా. బిల్లీ మాత్రం మనిషి. ఐకియాలోనే పనిచేసిన బిల్లీ అనే ఆయన "పుస్తకాలకు మాత్రమే పనికొచ్చే మంచి అల్మారా ఒకటి కావాలి" అని అడిగేవాడట. 1979లో అది తయారై వచ్చినప్పుడు ఆయన పేరే పెట్టారు.

బోల్మెన్ ఇక్కడి స్మోలాండ్ ప్రాంతంలో పెద్ద సరస్సు. ఆ పేరుతో అమ్మేది టాయిలెట్ బ్రష్. ఆ సరస్సు చుట్టుపక్కల వాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి. 2021 చివర్లో స్వీడన్ పర్యాటక సంస్థ దీని మీదే ప్రచారం చేసింది: ఈ పేర్లు సామాన్లవి కావు, ఊళ్లవి, వచ్చి అసలైనవి చూడండి అని. నేను ఆ సరస్సు చూశాను. చుట్టూ అడవి, మధ్యలో దీవులు, నీళ్లు అద్దంలా ఉంటాయి.

ఊరు_పేరు | శనివారం రాత్రి 10:41

ఐకియా అన్న మాటే అలాంటిది. ఇంగ్వార్, కాంప్రాడ్, వాళ్ల పొలం ఎల్మ్‌టారిడ్, వాళ్ల ఊరు అగున్నారిడ్. నాలుగింటి మొదటి అక్షరాలు. 1943లో 17 ఏళ్ల కుర్రాడు పెట్టుకున్న పేరు. ఊరు పేరే ఇంటిపేరైన మనకి ఇది వింతగా అనిపించకూడదు.

వడ్రంగి_గారబ్బాయి | శనివారం రాత్రి 11:15

మూర్తి గారు రాసింది చదివాక మా నాన్న గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న నలభై ఏళ్లు వడ్రంగం చేశారు. మా సాలలో ప్రతి రకానికీ పేరుండేది, ఆ పేరు మొదట చేయించుకున్న ఇంటిది. మూత పైకి లేపితే కింద కాగితాల అర ఉండే రాత బల్ల "కరణంగారి బల్ల". చేతులు వెడల్పుగా ఉండి గ్లాసు పెట్టుకునే వీలున్న పడక కుర్చీ "డాక్టరమ్మ కుర్చీ". ఆ డాక్టరమ్మ గారు ఊరొదిలి వెళ్లి ఇరవై ఏళ్లయినా పక్క ఊరి వాళ్లు వచ్చి "మాకూ డాక్టరమ్మ కుర్చీ ఒకటి చేసి పెట్టండి మేస్త్రీ" అనేవాళ్లు. నాన్న కొలత అడిగేవారు కాదు. ఆ పేరు వినగానే చెయ్యి బాడిశ మీదికి వెళ్లేది. కొలతలన్నీ ఆ పేరులోనే ఉండేవి.

కాంప్రాడ్‌కి అంకెలు గుర్తుండేవి కావు, మా నాన్నకి అంకెలు రాయడం రాదు. ఇద్దరూ పేరునే నమ్ముకున్నారు.

పదాల_పెట్టె | ఆదివారం ఉదయం 7:05

చాలా మంచి చర్చ. వింత పేర్లు మన ఇళ్లలోనూ ఉన్నాయి, అలవాటైపోయి వింతగా అనిపించవు, అంతే. అల్మారా, మేజా, ఇస్త్రీ, తువ్వాలు, బొత్తాం, పీపా అన్నీ పోర్చుగీసు వాళ్ల ఓడల్లో దిగిన మాటలు. ఎవర్‌సిల్వర్ గిన్నెలో వెండి లేదు, అది స్టీలు. జర్మన్ సిల్వర్ కుందుల్లోనూ వెండి లేదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. డాల్డా 1937లో వచ్చింది. డాడా అనే డచ్చి కంపెనీ పేరు మధ్యలో లీవర్ కంపెనీ తన 'ఎల్' అక్షరం దూర్చింది. నిర్మా సబ్బు పొడికి కర్సన్‌భాయ్ పటేల్ తన కూతురు నిరుపమ పేరు పెట్టుకున్నారు. 1969లో అహ్మదాబాద్‌లో సైకిల్ మీద తిరిగి అమ్మిన సరుకది.

అమృతాంజనం సంగతి తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఆ సంపాదనే తర్వాత ఆంధ్రపత్రికను నిలబెట్టింది.

సీతమ్మధార_శ్రీను | ఆదివారం ఉదయం 8:30

పేర్ల సంగతి సరే గానీ, ఆ కంపెనీయే కదా హ్యాక్ అయింది? హైదరాబాద్ స్టోర్‌లో కార్డు గీకినవాళ్లందరూ కార్డు మార్చుకోవాలని ఫ్యామిలీ గ్రూప్‌లో ఫార్వర్డ్ వచ్చింది. నీరజ గారూ, జాగ్రత్త.

నల్లగండ్ల_నీరజ | ఆదివారం ఉదయం 8:52

అయ్యో, నిజమా? మూడుసార్లూ నా కార్డే ఇచ్చాను. టెన్షన్ పెట్టేశారండీ. ఎవరైనా సరిగ్గా తెలిసినవాళ్లు చెప్పరూ?

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి | ఆదివారం ఉదయం 9:40

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నా పని కంపెనీల నెట్‌వర్కుల మీద రాత్రంతా కాపలా ఉండడమే. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నీరజక్కా, టెన్షన్ వద్దు. ఆ ఫార్వర్డ్ రెండు వేరువేరు సంగతుల్ని కలిపేసింది. ఆ రెండిట్లోనూ హైదరాబాద్ స్టోర్ లేదు.

మొదటిది 2021 నవంబర్. ఐకియా ఉద్యోగుల మెయిల్ పెట్టెల మీద దాడి. రెండోది 2024 నవంబర్ 27. గ్రీస్, సైప్రస్, రొమేనియా, బల్గేరియాల్లో ఐకియా దుకాణాలు నడిపే ఫూర్లిస్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి. అంటే కంప్యూటర్లలోని ఫైళ్లకి తాళం వేసి, తీయడానికి డబ్బు అడగడం. సరిగ్గా బ్లాక్ ఫ్రైడే అమ్మకాల ముందు. దుకాణాలకు సరుకు చేరవేసే ఏర్పాటు, ఆన్‌లైన్ అమ్మకాలు దెబ్బతిన్నాయి. డబ్బు కట్టలేదని సంస్థ చెప్పింది. అయినా నష్టం 2 కోట్ల యూరోల దాకా తేలింది. అంటే అరల్లో మంచాలు, బల్లలు లేక పోయిన డబ్బు. గోడౌన్‌లో సరుకు ఉంది, ఏది ఎక్కడికి పంపాలో చెప్పే కంప్యూటరు లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం మొదటిదే. 2021లో వచ్చిన ఆ మెయిళ్లు కొత్తవాళ్ల దగ్గర్నుంచి రాలేదు. లాటరీ తగిలిందని రాలేదు. ఉద్యోగి ముందే మాట్లాడుకుంటున్న మెయిల్ వరుసలోకే, తెలిసిన మనిషి పేరుతో, జవాబుగా వచ్చాయి. ఐకియాతో పాటు వాళ్లకి సరుకు పంపేవాళ్ల, భాగస్వాముల మెయిళ్లు కూడా అప్పటికే దొంగల చేతిలో ఉన్నాయి.

నల్లగండ్ల_నీరజ | ఆదివారం ఉదయం 9:58

హమ్మయ్య. థాంక్స్ తమ్ముడూ. కానీ తెలిసిన మనిషి పేరుతో, పాత మాటల కిందే ఎలా రాగలదు? అది నాకు అర్థం కాలేదు.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి | ఆదివారం ఉదయం 10:30

ఒక ఉదాహరణ చెప్తాను అక్కా.

మీరు కార్పెంటర్‌కి మెయిల్ రాశారు: "వార్డ్‌రోబ్ తలుపు రంగు మార్చండి." ఆయన జవాబిచ్చాడు: "సరే మేడం, శుక్రవారం వస్తాను." దొంగ మీ దగ్గరికి రాడు. ఆయన మెయిల్ పెట్టెలోకో, ఆ మెయిల్ సర్వర్‌లోకో దూరతాడు. 2021లో మెయిల్ సర్వర్లలో పెద్ద లోపాలు బయటపడ్డాయి, సరిచేసుకోని కంపెనీలు చాలా ఉండిపోయాయి. లోపల కూర్చుని మీ ఇద్దరి మాటలూ చదువుతాడు. తర్వాత ఆ శుక్రవారం మాట కిందే జవాబు కొడతాడు: "మేడం, కొత్త రంగుల చార్టు ఈ లింకులో ఉంది, చూడండి." పైన మీరు రాసిన వాక్యమే ఉంటుంది. మీ పేరు, ఆయన పేరు, రంగు సంగతి అన్నీ నిజం. ఆ ఒక్క లింకే అబద్ధం.

ఐకియాకి వచ్చిన లింకుల చివర ఏడు అంకెలు ఉండేవి. నొక్కితే ఒక జిప్ ఫైలు దిగేది, అందులో ఎక్సెల్ షీటు. తెరిస్తే "సరిగ్గా కనిపించాలంటే ఎనేబుల్ నొక్కండి" అని రాసి ఉండేది. నొక్కగానే లోపల దాచిన చిన్న ప్రోగ్రామ్ (మ్యాక్రో) పని మొదలుపెడుతుంది. ఆ ఏడంకెల గుర్తు పట్టుకోమని కంపెనీ ఉద్యోగులందరికీ చెప్పింది.

ఇంకొక చిన్న విషయం. కంపెనీలో అనుమానం వచ్చిన మెయిల్‌ని ఫిల్టర్ క్వారంటైన్‌లో పడేస్తుంది. అది పొరపాటున పడిందనుకుంటే ఉద్యోగే బయటికి తీసుకోవచ్చు. ఈ మెయిళ్లు ఎంత సహజంగా ఉన్నాయంటే, ఉద్యోగులు "పాపం ఫలానా ఆయన మెయిల్ పొరపాటున ఇరుక్కుంది" అనుకుని వాళ్లే తీసేసుకునే ప్రమాదం వచ్చింది. చివరికి ఆ వీలునే కొన్నాళ్లు ఆపేశారు. కాపలావాడు ఆపితే, ఇంట్లోవాళ్లే "మావాడేలే" అని తలుపు తీసే పరిస్థితి. నా ఉద్యోగంలో నాకు భయం వేసేది దీనికే.

సీతమ్మధార_శ్రీను | ఆదివారం ఉదయం 10:44

సరిగ్గా తెలుసుకోకుండా రాశాను, క్షమించండి. గ్రూప్‌లో కూడా ఇది తప్పని పెట్టేశాను. కానీ ఒక మాట. ఎంత తెలిసినవాళ్ల పేరున్నా చూడకుండా నొక్కినవాడిది తప్పు కాదా? కంపెనీలు ఏటా ట్రైనింగ్ ఇస్తూనే ఉన్నాయిగా.

లెడ్జర్_బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 12:10

శ్రీను గారూ, ఆ నొక్కినవాణ్ని నేనే అనుకుని నాతో మాట్లాడండి. నా సంగతి చెప్తాను. కంపెనీ పేరు చెప్పను.

విజయవాడలో హార్డ్‌వేర్, ప్లైవుడ్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర 26 ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. టాలీ రాకముందు చేత్తో చిట్టా, ఆవర్జా రాసినవాణ్ని. రూపాయి తేడా వస్తే రాత్రి పదకొండు దాకా కూర్చుని వెతికేవాణ్ని. ఒక పార్టీతో పదేళ్ల వ్యాపారం. అతుకుల జిగురు, స్క్రూలు, తలుపు కబ్జాలు అన్నీ వాళ్ల దగ్గర్నుంచే. ప్రతి నెలా పదో తారీఖులోపు బకాయి కట్టేస్తాం.

రెండేళ్ల కిందట తొమ్మిదో తారీఖున, నేను అడిగిన బకాయి లెక్క మెయిల్ కిందే జవాబు వచ్చింది. "లెక్క సరిపోయింది సార్. ఆడిట్ వల్ల పాత అకౌంటు ఆపాం, ఈ కొత్త అకౌంటులో వేయండి." పైన నేను రాసిన లెక్క ఉంది, పైసలతో సహా. కింద వాళ్ల మేనేజర్ సంతకం. ఆయన ఎప్పుడూ "శుభం" అని ముగిస్తారు. అదీ ఉంది.

6 లక్షల 40 వేలు పంపాను.

పన్నెండో తారీఖున ఆయన ఫోన్ చేసి, "బాబాయ్, ఈ నెల ఆలస్యమైందేం?" అన్నారు. కాళ్ల కింద నేల కదిలినట్టయింది. మెయిల్ తీసి అక్షరం అక్షరం చదివాను. పంపిన అడ్రస్‌లో 'ఎం' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన ఉన్నాయి. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఆ రెండూ కలిస్తే 'ఎం' లాగే కనిపిస్తాయి. భూతద్దం పెడితే గానీ తెలియలేదు.

తర్వాత చేసిన తప్పు ఇంకా పెద్దది. రెండు గంటలు ఎవరికీ చెప్పలేదు. 26 ఏళ్ల పేరు పోతుందని భయం. బాత్రూమ్‌లోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ మళ్లీ అదే మెయిల్ చూశాను. చివరికి ఓనరు గారికి చెప్తే, ఆయన ఒక్క మాట కూడా అనకుండా ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ కలిపించారు. అప్పటికే మూడు రోజులు. డబ్బు నాలుగైదు అకౌంట్లు మారింది. ఒకచోట 85 వేలు మాత్రం ఆపగలిగారు.

తప్పు నాదే, కాదనను. కానీ నొక్కినవాణ్ని నలుగురిలో నిలబెట్టి తిడితే, రేపు ఇంకొకడు నాలాగే రెండు గంటలు దాస్తాడు. ఆ రెండు గంటల్లోనే డబ్బు దాటిపోయేది.

సీతమ్మధార_శ్రీను | ఆదివారం మధ్యాహ్నం 12:31

బాబాయ్ గారూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మనసు కష్టపెట్టి ఉంటే మన్నించండి.

లెడ్జర్_బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 12:36

లేదు నాయనా. అడగబట్టే కదా ఇవాళ ఇంత వివరంగా రాయగలిగాను.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి | ఆదివారం సాయంత్రం 5:20

నిద్ర లేచి చదివాను. బాబాయ్ గారు చెప్పిన ఆ రెండు గంటల మాట మా ఆఫీసు గోడ మీద రాసి పెట్టాలి. మన దేశంలో సంస్థలు దాడి గమనించిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. కింది ఉద్యోగి భయపడి దాస్తే పైవాళ్లు ఆరు గంటల్లో ఏం చెప్తారు?

మన హైదరాబాద్‌లోనే చూడండి. 2022 జనవరిలో మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకులోంచి సుమారు 12 కోట్లు ఎగిరిపోయాయి. మొదలు ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ (నమ్మించి మోసం చేసే) మెయిళ్లే అని దర్యాప్తులో తేలింది. కానీ రిజర్వ్ బ్యాంకు 2023లో 65 లక్షల జరిమానా వేసింది బ్యాంకుకి, సరైన రక్షణ పెట్టుకోనందుకు. మెయిల్ తెరిచిన ఉద్యోగికి కాదు. ఒక్క క్లిక్కుతో కోట్లు పోయే ఏర్పాటు ఉంటే, లోపం ఆ ఏర్పాటులోనే ఉంది.

ఊరు_పేరు | ఆదివారం సాయంత్రం 5:47

2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లే ఆగిపోయాయి. 2019లో రెండు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల మీద రాన్సమ్‌వేర్ పడింది. అప్పుడు పేపర్లో చదివి మర్చిపోయాం. ఇప్పుడు ప్రతి నెలా ఏదో ఒకటి వింటున్నాం. ఎందుకింత పెరిగాయి?

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి | ఆదివారం సాయంత్రం 6:35

ముఖ్యంగా ఇది అద్దె వ్యాపారం అయిపోయింది. తాళం వేసే ప్రోగ్రామ్ రాసేది ఒకడు. దాన్ని అద్దెకు తీసుకుని దాడి చేసేది ఇంకొకడు. వచ్చిన డబ్బులో రాసినవాడికి వాటా. లోపలికి దూరే దారి కనిపెట్టి అమ్మేవాడు మూడోవాడు. డబ్బు క్రిప్టోలో చేతులు మారుతుంది. పైగా ఇప్పుడు తాళం వేయడంతో ఆగడం లేదు, ముందే ఫైళ్లు ఎత్తుకెళ్లి "కట్టకపోతే బయటపెడతాం" అంటున్నారు. బ్యాకప్ ఉన్నా బెదిరింపు పోదు.

దెబ్బ ఎంత లోతుగా ఉంటుందో ఇంగ్లండ్‌లో జరిగినవి చూడండి. 2025 ఏప్రిల్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ మీద దాడి. దొంగలు వేరే మనిషిలా నటించి లోపలికి వచ్చారు. ఆరు వారాలకు పైగా ఆన్‌లైన్ బట్టల ఆర్డర్లు ఆగాయి. లాభానికి పడే గండి 30 కోట్ల పౌండ్లని కంపెనీయే అంచనా వేసింది. అదే ఏడాది ఆగస్టు ఆఖర్న టాటాల జాగ్వార్ ల్యాండ్ రోవర్. వారాల తరబడి ఒక్క కారూ బయటికి రాలేదు. అక్కడి సైబర్ మానిటరింగ్ సెంటర్ లెక్క ప్రకారం దేశానికి 190 కోట్ల పౌండ్ల నష్టం, 5,000కు పైగా సంస్థల మీద ప్రభావం. అందులో బోల్టులు చేసే చిన్న వర్క్‌షాపులూ ఉన్నాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం కేఎన్‌పీ అనే లారీల కంపెనీ. 158 ఏళ్ల చరిత్ర. 2023లో దాడి జరిగింది. ఒక ఉద్యోగి బలహీనమైన పాస్‌వర్డ్‌ని దొంగలు ఊహించి లోపలికి వచ్చారని అంటారు. కంపెనీ మూతపడింది. సుమారు 700 మంది రోడ్డున పడ్డారు. ఆ పాస్‌వర్డ్ ఎవరిదో ఆ మనిషికి చెప్పలేదని డైరెక్టర్ అన్నారు. చెప్పకపోవడమే మంచిదని నాకూ అనిపించింది.

పదాల_పెట్టె | ఆదివారం రాత్రి 8:15

చర్చ మొదలైంది పేర్లతో కాబట్టి అడుగుతున్నాను. ఈ దొంగల ముఠాలకి కూడా వింత పేర్లుంటాయి కదా, స్పైడర్, పాండా అంటూ. అవి ఎవరు పెడతారు?

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి | ఆదివారం రాత్రి 8:50

మంచి ప్రశ్న సార్. సోఫాకి స్వీడన్ ఊరు, మంచానికి నార్వే ఊరు అన్నట్టే ఇక్కడా పద్ధతి ఉంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ లెక్కలో రష్యా ప్రభుత్వంతో సంబంధం ఉన్న ముఠా అయితే ఎలుగుబంటి, చైనా అయితే పాండా, ఇరాన్ అయితే పిల్లికూన, డబ్బు కోసం చేసే దొంగలైతే సాలీడు (స్పైడర్). మైక్రోసాఫ్ట్ 2023 నుంచి వాతావరణం పేర్లు పెడుతోంది. చైనా వాళ్లకి టైఫూన్, రష్యా వాళ్లకి బ్లిజార్డ్, ఇరాన్ వాళ్లకి శాండ్‌స్టార్మ్. పేరు చూడగానే ఎటునుంచి వస్తోందో కాపలావాళ్లకి తెలియాలని.

ఒకటి మాత్రం నాకు నచ్చదు. ముద్దొచ్చే జంతువుల పేర్లు పెడితే పిల్లలకి వాళ్లు హీరోల్లా కనిపిస్తారు. బాబాయ్ గారి 6 లక్షలు తిన్నవాడికి ఏ జంతువు పేరూ అక్కర్లేదు.

మాల్మో_మూర్తి | ఆదివారం రాత్రి 9:30

ఇక్కడ 2021 జూలైలో కూప్ అనే సూపర్‌మార్కెట్లు దాదాపు 800 మూతపడ్డాయి. దాడి వాళ్ల మీద కాదు, క్యాష్ కౌంటర్లు చూసే సాఫ్ట్‌వేర్ వరుసలో ఎక్కడో పైనున్న అమెరికా కంపెనీ మీద. పాలు, బ్రెడ్ అన్నీ లోపలే ఉన్నాయి, బిల్లు కొట్టే మిషన్ లేదు.

పక్కనే నార్వేలో నోర్స్క్ హైడ్రో సంగతి వడ్రంగి గారబ్బాయి కోసం రాస్తున్నాను. అది అల్యూమినియం కంపెనీ. 2019 మార్చిలో దాడి జరిగి 22,000 కంప్యూటర్లు పోయాయి. మొదలు మూడు నెలల ముందు. నమ్మకమైన ఖాతాదారు నుంచి వచ్చిన మెయిల్ తెరవడం. ఇక్కడా తెలిసినవాడే. దొంగలకి వాళ్లు పైసా కట్టలేదు, జరిగింది దాచలేదు, రోజూ అందరికీ చెప్పారు. ఫ్యాక్టరీల్లో కాగితాలు తీసి చేత్తో పని నడిపారు. కంప్యూటర్లు రాకముందు పని చేసి రిటైరైనవాళ్లు కొందరు తిరిగొచ్చి, ఇప్పటి పిల్లలకి ఎలా చేయాలో చూపించారు.

వడ్రంగి_గారబ్బాయి | ఆదివారం రాత్రి 10:20

మూర్తి గారూ, ఇది నా కోసం రాసినందుకు చాలా థాంక్స్.

నేనిప్పుడు మాడ్యులర్ ఫర్నిచర్ యూనిట్‌లో ప్రొడక్షన్ చూస్తున్నాను. పేరు వద్దు. పోయిన ఏడాది ఒక సోమవారం పొద్దున కటింగ్ లిస్టులున్న కంప్యూటరు తెరిస్తే ఎర్ర అక్షరాలు. 140 ఆర్డర్ల కొలతలు దాంట్లోనే ఉన్నాయి. నెట్ కేబుల్ పీకేశాం. ఓనరు గారు తల పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు మా సూపర్‌వైజర్, నాన్న వయసాయన, తన బీరువాలోంచి నోటు పుస్తకాలు తీశారు. ప్రతి ఆర్డరూ చేత్తో రాసుకునే అలవాటు ఆయనకి. మేమంతా "ఎందుకు మావయ్యా ఈ డబుల్ పని" అనేవాళ్లం. పుస్తకంలో నంబర్లు లేవు, పేర్లున్నాయి. "మియాపూర్ కవలపిల్లల మంచం, 6 బై 5, కింద రెండు సొరుగులు." "అల్వాల్ పోస్టుమాస్టరు గారి దేవుడి గూడు." 140లో 122 ఆ పుస్తకాల్లో దొరికాయి. మిగతావాళ్లకి ఫోన్ చేసి మళ్లీ కొలతలు తెచ్చుకున్నాం. తొమ్మిది రోజుల్లో మిషన్లు తిరిగాయి.

ఇప్పుడు మా యూనిట్‌లో బ్యాకప్ డిస్క్ రోజూ సాయంత్రం కేబుల్ తీసి వేరే గదిలో పెడతాం. ఆ పక్కనే మావయ్య పుస్తకం కూడా.

లెడ్జర్_బాబాయ్ | ఆదివారం రాత్రి 10:34

ఆయన్ని అడిగినట్టు చెప్పు బాబూ. చిట్టా రాసేవాళ్లు ఇంకా ఉన్నారని తెలిసి సంతోషమైంది.

నల్లగండ్ల_నీరజ | సోమవారం రాత్రి 9:15

అందరికీ ఒక్కసారి చెప్తున్నాను. నిన్న పొద్దున అత్తయ్యగారికి బిల్లీ కథ చెప్పాను. ఇవాళ డాక్టరమ్మ కుర్చీ సంగతి చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకున్నారు. వాళ్లింట్లో కూడా "అమీనుగారి మంచం" అని ఉండేదట.

ఇంకొకటి. మా కిచెన్ చేసినాయనకి ఇంకా 78 వేలు ఇవ్వాలి. పోయిన బుధవారం, మేం మాట్లాడుకుంటున్న మెయిల్ కిందే జవాబు వచ్చింది, కొత్త అకౌంటులో వేయమని. బాబాయ్ గారి పోస్ట్ చదవకపోతే ఈపాటికి వేసేసేదాన్ని. ఇవాళ ఫోన్ చేశాను. మెయిల్‌లో ఉన్న నంబరుకి కాదు, మొదటిరోజు ఆయన చేతికిచ్చిన కార్డు మీది నంబరుకి. అడగడానికి మొహమాటమేసింది, నమ్మడం లేదనుకుంటారేమోనని.

అది ఆయన పంపిందే. నిజంగానే కొత్త కరెంట్ అకౌంటు తెరిచారట. కోప్పడలేదు. "అదే మెయిల్ పదకొండు మందికి పంపాను మేడం, ఫోన్ చేసి అడిగింది మీరొక్కరే" అన్నారు. అకౌంటు నంబరు చివరి నాలుగంకెలు నేను చెప్పకుండా ఆయన చేతే చెప్పించుకుని, అప్పుడు వేశాను.

లెడ్జర్_బాబాయ్ | సోమవారం రాత్రి 9:22

మంచి పని చేశావమ్మా. మిగతా పదిమందికీ ఆయన్నే ఫోన్ చేసి చెప్పమను.

నల్లగండ్ల_నీరజ | సోమవారం రాత్రి 9:30

చెప్పాను బాబాయ్ గారూ. ఇప్పటికి నలుగురికి చేశారట. మిగతావాళ్లకి రేపు చేస్తానన్నారు.